ఏడో తరం చేసిన పాపం

2025 అక్టోబర్ 14 వెళ్లిపోయింది. విండోస్ 10 అప్‌డేట్ల గడువు తీరింది. ఇక మిగిలింది మనింట్లో కంప్యూటర్‌ని సాగనంపడమే. అదీ పర్యావరణానికి నొప్పి కలక్కుండా! పాతది రీసైక్లింగ్‌కి ఇచ్చేసి కొత్తది కొనుక్కోమని మైక్రోసాఫ్ట్ వారి సలహా. ఎంత దయ!

నా కంప్యూటర్ చేసిన పాపమల్లా ఏడో తరం ప్రాసెసర్‌తో పుట్టడం. విండోస్ 11 గుమ్మం తొక్కాలంటే ఇంటెల్ వంశంలో ఎనిమిదో తరమైనా కావాలట. సంబంధానికి ఏడు తరాలు చూస్తే చాలనేవారు మన పెద్దలు. వీళ్లకి ఏడు కూడా చాల్లేదు!

తరం కుదిరినా సరిపోదు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మా ఇంట్లో ఆ కంప్యూటరే కరెంటు బిల్లు కడుతోంది, పిల్లల ప్రాజెక్టులు ప్రింటు తీస్తోంది, ఈ వ్యాసమూ టైపు చేస్తోంది. పని వచ్చు, అర్హత లేదు.

మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలా? మీ సెట్టింగులు మా క్లౌడ్‌లో పెట్టండి, లేదంటే 30 డాలర్లు కట్టండి అన్నారు. 2030 కల్లా తమ వ్యర్థాలు సున్నా చేస్తామని 2020లో ప్రకటించిందీ ఈ సంస్థే. అవ్వొచ్చు. మన అటక వాళ్ల లెక్కలో లేదుగా!

ఫోను పెట్టెలోంచి చార్జర్ తీసేసి యాపిల్ కూడా 2020లోనే భూమిని కాపాడింది. అదే చార్జర్ విడిగా కొంటే మాత్రం భూమికి ఏమీ కాదు.

వెటకారం చాలు. ఒళ్లు మండుతోంది. 2022లో ప్రపంచం పారేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. ఇది ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక మాట. మిగిలినదాంట్లో కొంత ఎక్కడ తేలుతుందో ఢిల్లీ సీలంపూర్ సందుల్లోకి వెళ్లి చూడండి. ఒట్టి చేతులతో బోర్డులు పగలగొడతారు. రాగి కోసం తీగలు తగలబెడతారు. బంగారం కోసం యాసిడ్‌లో ముంచుతారు. ఆ పొగ, ఆ సీసం ఎవరి పిల్లల ఒంట్లోకి పోతున్నాయి? రీసైక్లింగ్ అని ముద్దుగా పిలిచే పనిలో చాలా భాగం ఇదే. మన 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారుకి రీసైక్లింగ్ లక్ష్యాలు పెట్టాయి. అప్‌డేట్లు ఆపేసి నిక్షేపంలాంటి యంత్రాన్ని చెత్త చేసినవాడి జోలికి మాత్రం పోలేదు.

అయ్యా, అమ్మా! కంగారుపడి అమ్మేయకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, మీ ఊళ్లో తెలిసిన మెకానిక్ దగ్గరికో పట్టుకెళ్లండి. ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ పెంచండి, లినక్స్ ఎక్కించండి. మీకు అక్కర్లేకపోతే చదువుకునే పిల్లలకివ్వండి. నిజంగా చచ్చాకే రీసైక్లింగ్, అదీ అనుమతి ఉన్నవాళ్లకే. పనిచేసే యంత్రాన్ని చెత్త అన్నవాడిదే ఆ చెత్త. ఎత్తిపోసే ఖర్చూ వాడిదే కావాలి.