అరగంటకు ఒక్క సెకను తక్కువ

గరిడేపల్లి నుంచి అటు కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా ఈ మధ్య ఏ సభ కరపత్రం చేతికొచ్చినా అడుగున ఒక వరుస కనిపిస్తోంది: ‘సినిమాటిక్ వీడియో కవరేజ్ కలదు’. సంస్మరణ సభకు సినిమాటిక్. రైతు సదస్సుకు సినిమాటిక్. రిటైరైన హెడ్మాస్టరు గారి సన్మానానికీ సినిమాటికే. పెండ్లికూతురు మెట్లు దిగుతుంటే తీసిన ఫొటో కెమెరాతోనే తొంభై ఏండ్ల పెద్దాయన తన బతుకంతా చెప్పుకుంటుంటే తీస్తారన్నమాట. పెండ్లికూతురు మెట్లు దిగడానికి ఇరవై సెకన్లు చాలు, స్లో మోషన్ కలుపుకున్నా నిమిషం. పెద్దాయనకు రెండు గంటలు కావాలి. ఈ తేడా ఎవరికీ పట్టినట్టు లేదు.

బొమ్మ అందంగా వస్తుంది, కాదనను. వక్త ముక్కు మీది చెమట బొట్టు లెక్కపెట్టొచ్చు. వెనకాల ఫ్లెక్సీ మసకలో కరిగిపోతుంది. దాని మీద ఫొటో వేయించుకోవడానికి చందా ఇచ్చినవాళ్ళు కూడా అందులోనే కరిగిపోతారు, ఆ గొడవ వేరు. వక్త ఆవేశపడి అడుగు ముందుకేస్తే ఆయనా మసకలో కలుస్తాడు. మైకు మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఇంత వైభవమూ ఇరవై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు సాగి, ఎవరికీ చెప్పకుండా ఆగిపోతుంది.

ఈ 29:59 గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి. ఏది ఫొటో కెమెరా, ఏది వీడియో కెమెరా అని ఐరోపా సమాఖ్య కస్టమ్స్ వాళ్ళు ఒకప్పుడు గీత గీశారు. 800×600 నాణ్యతకు తగ్గకుండా, సెకనుకు 23 ఫ్రేములకు తగ్గకుండా, ఏకబిగిన 30 నిమిషాలు తీయగలిగితే అది వీడియో కెమెరా. దిగుమతి సుంకం 4.9 శాతం దగ్గర మొదలు. అంతసేపు తీయలేకపోతే ఫొటో కెమెరా, సుంకం సున్నా. జపాను కంపెనీలు గడియారం చూసుకుని ఒక్క సెకను కోసేశాయి. ఐరోపాకొక రకం, మనకొక రకం చేసే శ్రమ ఎందుకని చాలా మోడళ్ళలో లోకమంతటికీ అదే కత్తెర వేశాయి.

ఆ సుంకం మనం కట్టేది కాదు. ఆ సమాఖ్యలో మనం లేము. అయినా బ్రస్సెల్స్‌లో ఏ గుమాస్తానో గీసిన గీత వచ్చి గరిడేపల్లి షామియానా కింద మాట్లాడుతున్న మనిషి గొంతు మీద పడుతోంది. ఇది ఒకప్పటి హుజూర్‌నగర్ తాలూకా నేల. నిజాం సర్కారు లెవీ ధాన్యం కొలవమంటే కొలవమని తిరగబడ్డ ఊళ్ళివి. సర్కారు తూకానికి లొంగని ఆ మనుషుల మాట చివరికి పరాయి సర్కారు సెకనుకు లొంగింది.

తమాషా ఏమిటంటే ఆ సుంకమే ఇప్పుడు లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2015 చివర కుదిరిన ఒప్పందంతో మెట్లుమెట్లుగా తగ్గి 2019 కల్లా పోయింది. సుంకం పోయాక కూడా, 2020లో వచ్చిన కెనాన్ ఆర్6లో ఆ అరగంట గీత అట్లాగే ఉంది. 2022లో దాని మార్క్ 2 వస్తే గానీ చెరగలేదు. అయినా కొత్త మోడళ్ళ సంగతి మనకెందుకు? మన దగ్గర సభలకొచ్చేవి కోఠిలో సెకండ్ హ్యాండులో కొన్నవి, రెండు చేతులు మారినవి. ఆ గీత ఇంకో పదేండ్లు మన షామియానాల కింద బతుకుతుంది.

సరే, ఆ అరగంటైనా సద్వినియోగమవుతుందా? మన సభలో మొదటి అరగంట ఏం జరుగుతుందో మీకు తెలుసు. జ్యోతి వెలిగించబోతే అగ్గిపుల్ల ఆరిపోతుంది, ‘ఫ్యాను బంద్ చెయ్యండి’ అని కేక. వేదిక మీదికి పదిమందిని పిలుద్దామనుకుంటే పదిహేడుమంది ఎక్కుతారు. కుర్చీలు చాలవు. తర్వాత శాలువాలు. కప్పినాయన కప్పిన భంగిమలోనే బిగుసుకుపోయి కెమెరా వైపు చూడాలి, కప్పించుకున్నాయన నవ్వాలి. తర్వాత అధ్యక్షులవారి ‘రెండే రెండు మాటలు’. అవి ముగిసి ప్రధాన వక్త లేచి, మైకు తట్టి, గొంతు సవరించుకునే వేళకు అరగంట నిండుతుంది. శాలువాలన్నీ కార్డులోకి ఎక్కాయి. ఉపన్యాసం గాలిలో పోయింది.

పైగా వీడియో తీసే కెమెరాతోనే ఫొటోలూ కొట్టాలి, ఎందుకంటే రెండిటికీ ఒకే మనిషి, ఒకే బేరం. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 లాంటి వాటిలో వీడియో నడుస్తుండగా ఫొటో నొక్కితే వీడియో ఒక క్షణం బిగుసుకుపోతుంది. శాలువాకొక క్షణం చొప్పున లెక్క వేసుకోండి. ఆ కెమెరాకు అరగంట భాగ్యం కూడా లేదు. ఫైలు 4 జీబీ నిండగానే, సుమారు 12 నిమిషాలకే చేతులెత్తేసేది.

ఎండ సంగతి ఒక్క ముక్కలో: కెనాన్ ఆర్5 కెమెరా 8కే వీడియోను వేడెక్కకుండా 20 నిమిషాలు తీస్తుందని కంపెనీ చెప్పిన లెక్క 23 డిగ్రీల దగ్గర. మే నెలలో సూర్యాపేటలో 23 డిగ్రీలు ఫ్రిజ్ తలుపు తెరిస్తేనే దొరుకుతాయి. ఇక శబ్దం. వెనక వరసలో పెట్టిన కెమెరా సొంత మైకుకు వినిపించేది పక్క కుర్చీలో మనవడి ఏడుపు.

పెండ్లి వీడియోలను వెక్కిరించడం మనకు సరదా గానీ, 1990లలో భుజం మీద పెద్ద పానాసోనిక్ మోసుకొచ్చిన వీడియో ఆయన క్యాసెట్టు 180 నిమిషాలు తిరిగేది. గోడ ప్లగ్గు నుంచి తీగ, కండ్లు పోయే హాలోజన్ లైటు, రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారుతూ. కానీ పురోహితుడు చదివిన ప్రవర మొదటి నుంచి చివరి దాకా అందులో ఉండేది. ఇప్పుడు లక్షన్నర పెట్టి అంతకంటే అధ్వానమైనది కొని, దాన్ని అభివృద్ధి అంటున్నాం.

కొన్నేండ్ల కింద మా వైపే ఒక ఊళ్ళో, సెప్టెంబరులో జరిపే తెలంగాణ సాయుధ పోరాట వారోత్సవాలకు ఒక వృద్ధుణ్ణి పిలిచారు. పేరున్న నాయకుడు కాదు. దళానికి కబుర్లు మోసినవాడు. ఊరి పొలిమేరలు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, వెట్టి చెప్పాడు. మెల్లగా రజాకార్లు ఊరి మీద పడ్డ రాత్రి దగ్గరికొచ్చాడు. షామియానా అంతా ఊపిరి బిగబట్టింది. నేనూ కాగితం, కలం పక్కన పెట్టేశాను. వీడియో ఉంది కదా అని.

పది రోజులకు పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో ఆయన ‘ఆ రాత్రి’ అంటాడు. తెర మీద గులాబీ రేకులు రాలతాయి. రేకులు తొలగగానే ఆయన ‘అందరికీ దండాలు’ అని కూర్చుంటాడు. ఫోన్ చేస్తే, ‘ఆడ ఆగిపోయింది సార్. నేను చూసుకోలే. ఎడిటింగ్ల సెట్ చేసిన’ అన్నాడా కెమెరా అబ్బాయి. పెండ్లి కరిజ్మా ఆల్బమ్‌కు వాడే రేకులతో ఒక రాత్రిని పూడ్చేశారు. ఆ వృద్ధుడు ఇప్పుడు లేడు.

అబ్బాయిని నేను తిట్టను, వాడు నేర్చింది పెండ్లిళ్ళ పని. తిట్టేది మనల్ని పిలిచి కూర్చోబెట్టిన పెద్దమనుషులను. ఆ పోరాటం మొదలైన 1946లో ఇరవై ఏండ్ల వాళ్ళెవరైనా మిగిలి ఉంటే ఇప్పుడు నూరేండ్లకు అటూ ఇటూ. ఆ పోరాట నాయకుల్లో భీమిరెడ్డి నరసింహారెడ్డి 2008లో పోయారు. మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న పోయారు. ఆమె ఆత్మకథ పుస్తకంగా ఉంది, ఆయన మీద రాసినవాళ్ళున్నారు. దళానికి అన్నం మూట మోసిన తల్లి మీద ఎవరు రాశారు? ఆమెకున్నది ఆ ఒక్క సాయంత్రం, ఆ ఒక్క మైకు. గేటుకు ఫ్లెక్సీ, బస్టాండుకు ఫ్లెక్సీ, మంత్రి గారి రాకకు పటాసులు, వీటికి డబ్బులుంటాయి. సౌండ్ ఆయన మిక్సర్ పెట్టెకు తీగ తగిలించి మాట మొత్తం దాచే చిన్న రికార్డరు కొనమంటే ‘ఎందుకు సార్, వీడియో ఉందిగా’ అంటారు. సిగ్గుండాలి. మూడో వరసలో కూర్చున్న పదో తరగతి పిల్ల చేతి ఫోను పవర్‌బ్యాంకు తగిలిస్తే మెమరీ నిండేదాకా తీస్తుంది. దాన్ని సినిమాటిక్ అనరు, అందుకని పనికిరాదు.

అవధానాలకూ ఇదే మర్యాద. పృచ్ఛకులు ఇన్ని వైపుల నుంచి లాగినా, చివర ధారణలో అవధాని పద్యాలన్నీ వరసపెట్టి అప్పజెబుతాడు. అప్పటికి కార్డు నిండి ఉంటుంది. రైతు సదస్సులకూ అంతే. గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రమున్న మండలం మాది, వరి గురించి గంటలకొద్దీ వినే అలవాటున్న జనం. కాండం తొలిచే పురుగుకు ఏ మందో వీడియోలో ఉండి, ఎకరాకు ఎంతో లేకపోతే ఆ రైతు ఎవరిని అడగాలి?

ఈ సెప్టెంబరు సభకు నిర్వాహకుడు మొన్న వచ్చి కరపత్రం ఇచ్చాడు. నేను నోరు తెరవకముందే, ‘మీరు పోయినసారి కోపానికొచ్చిండ్రు కదా సార్, ఈసారి డ్రోన్ గూడ మాట్లాడినం’ అన్నాడు. అది ఎంతసేపు ఎగురుతుందని అడిగాను.

‘బ్యాటరీ ఫుల్లుంటే అర్ధగంట వస్తది సార్.’