నాల్గేండ్ల దుప్పటికి టీకా తాత్పర్యం

మూలం:

నడుమ నలిగి చిరుగు నాల్గేండ్ల దుప్పటి
నిలువు గోసి తిప్పి నేర్పు తోడ
అంచు రెండు జేర్చి యతికించి కుట్టిన
మనును చిరము మరల మంచ మెక్కి

టీక: నడుమ = భుజమూ నడుమూ రోజూ ఒరుసుకునే చోట; నలిగి = పోగులు పలచబడి; చిరుగు = కాలి గోరు తగిలితే చాలు పర్రుమనే; నిలువు గోసి = పొడవునా రెండు ముక్కలు చేసి; తిప్పి = బయటి అంచులను లోపలికి, నలిగిన వైపులను బయటికి మార్చి; నేర్పు తోడ = ఓపిక తోడ అని గ్రహించాలి; మంచ మెక్కి = బీరువా అడుగు నుంచి బయటపడి.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో ‘దర్జి తోడ’ అని చదువుతారు. యతి చెడుతుంది, డబ్బూ పోతుంది.

తాత్పర్యం: దుప్పటి అంతా ఒక్కసారే ముసలిది కాదు. నడుమ జల్లెడయ్యే నాటికి అంచులు ఇంకా కొత్త పెళ్లికొడుకులే. వాటిని నడుమకు తెచ్చి పని చెప్పమని కవి హృదయం. నలిగిన వైపులను కాస్త కత్తిరించి, రెండు మడతలు పెట్టి కుడితే పరుపు కిందికి పోయి దాక్కుంటాయి. వెడల్పు తగ్గుతుంది, డబుల్ కాట్ దుప్పటి సింగిల్ మంచానికి దిగవచ్చు. ఈ సంగతి కవి దాచాడు.

ఆక్షేపం: నడుమ కుట్టు వీపుకు తగలదా? తగలదు. నేతలో వచ్చిన అంచు పోగులూడవు కనుక మడత అక్కర్లేదు. ఒక అంచు మీద రెండో అంచును పావు అంగుళం ఎక్కించి, ఇరువైపులా కుట్టు వేస్తే చదునుగా ఉంటుంది. చేత్తోనైతే నాలుగు కుట్లకొకసారి సూదిని వెనక్కి తీసుకోవాలి. మిషనైతే కుట్టు కాస్త పొడుగు పెట్టాలి. మరీ చిన్నదైతే తపాలా బిళ్లల వరుసలా బెజ్జాలు పడి అక్కడే చిరుగుతుంది.

విశేషం: మంచం మేకు పట్టి చిరిగినదానికి ఈ పద్యం వర్తించదు, మాసిక వేయాలి. కొత్త నూలు గుడ్డ వద్దు. ఉతుకుల్లో ముడుచుకుని పక్కనున్న పాత బట్టను లాగి చింపుతుంది. ఆ జతలోని దిండు గలీబు ముక్క శ్రేష్ఠం, రంగు కూడా దుప్పటితోపాటే వెలిసి ఉంటుంది. మాసిక అంచు చిరుగు దాటి, గట్టి బట్ట మీద ఆనాలి.

అలంకారం: కుట్టు కనబడకపోతే అపహ్నుతి. బొమ్మల దుప్పటైతే ఆ అంచు నెమలీ ఈ అంచు నెమలీ నడుమకొచ్చి ముక్కులు గుద్దుకుంటాయి. ఆలంకారికులు దీనికి పేరు పెట్టలేదు.