టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొని, గాలీ నీరూ గొడవ లేకుండా బతకడం ఎలా?

అభివృద్ధి వచ్చిన ఊళ్ళో ఆరోగ్యం అడక్కుండానే వస్తుంది. ఈ ఒక్క నమ్మకం గట్టిగా పట్టుకోండి. మిగతాదంతా ఒళ్ళు వంచకుండా జరిగిపోతుంది.

1. ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు స్కూల్ రేటింగు, తర్వాత తూర్పు ముఖం చూడండి. ఈశాన్యం మూల ఫోన్‌లో కంపాస్ పెట్టి మరీ తేల్చుకోండి. వెనక పారే వాగు ఎటు పోతోందో వాస్తు కోసం కనుక్కోండి, ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం అడక్కండి. అది స్టూవర్ట్ క్రీక్ అయితే, పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసిన ఎక్సైడ్ ఫ్యాక్టరీ స్థలం మీదుగా వస్తుంది. ఆ వాగు పొడుగునా బ్యాటరీ డబ్బాల ముక్కలు, సీసపు చిట్టెం దొరికాయి. మీవాడు అలాంటి నల్లముక్క జేబులో వేసుకొస్తే డైనోసార్ ఎముక అని చెప్పి షోకేసులో పెట్టండి. వాగు వెళ్ళి లూయిస్‌విల్ చెరువులో కలుస్తుంది. అక్కడి నీళ్ళు తాగేది పక్క ఊళ్ళవాళ్ళు కదా, మనకెందుకు?

2. సాకులు రెండు దగ్గర ఉంచుకోండి. "ఫ్యాక్టరీ 1964 నుంచీ ఉంది, మనమే తర్వాత వచ్చాం" అనేది ఒకటి. "2012 నవంబరులోనే మూసేశారుగా" అనేది రెండోది. ఎదుటి మనిషిని బట్టి వాడండి. ఒక్కో సాకు విన్న ఇద్దరూ ఒకేచోట తగిలితే ఫోన్ మోగినట్టు నటించండి.

3. పిల్లలకి సీసం రక్తపరీక్ష చేయించకండి. చేయిస్తే ఫలితం వస్తుంది, దాంతో పని పడుతుంది. పిల్లల రక్తంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదనే మోతాదేదీ తేలలేదని డాక్టర్లు అంటారు. మీరు మాత్రం చట్టాన్నే నమ్ముకోండి. 2008లో అమెరికా ప్రభుత్వం గాలిలో సీసం పరిమితిని ఘనపు మీటరుకి 1.5 మైక్రోగ్రాముల నుంచి 0.15కి దించింది. అంటే అంతకుముందు రోజు దాకా పదిరెట్లు పీల్చినా చట్టబద్ధమే. ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

4. డబ్బు పెరిగితే కాలుష్యం ముందు పెరిగి తర్వాత తగ్గుతుందని ఆర్థికవేత్తలు గీసిన గీత ఒకటుంది. ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అతికించండి. దాని మీద పనిచేసిన గ్రాస్‌మన్, క్రూగర్ ఇది దానంతటదే జరగదని 1995లోనే రాశారు. ఆ పేరా చదవకండి. ఫ్రిస్కోలోనూ దానంతటదే జరగలేదు లెండి. కొందరు తల్లిదండ్రులు పనులు మానుకుని మీటింగుల్లో గొంతు చించుకున్నారు. ఎక్సైడ్ కంపెనీ కదలడానికి, ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న సుమారు 180 ఎకరాలకి ఊరు నాలుగున్నర కోట్ల డాలర్లు ఒప్పుకుంది. 2013లో కంపెనీ దివాళా తీసింది, 2020లో మళ్ళీ తీసింది. చిట్టెం మాత్రం అప్పటికీ ఎక్కడికీ పోలేదు. చూసి నేర్చుకోండి: లాభం మూటకట్టుకోవడం మీ పని, ఊడ్చుకోవడం ఊరి పని.

5. శుభ్రం చేయడం కష్టంగా ఉంటే పొలిమేర దాటించండి. అమెరికాలో నిబంధనలు బిగిశాక పాత బ్యాటరీలు మెక్సికోకి తెగ వెళ్ళాయి. మనకైతే హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఉండనే ఉంది. అక్కడ మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధిచేసి వదిలిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్, మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువగా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ చుట్టుపక్కల తయారైన చవక మాత్ర మంచినీళ్ళతో వేసుకుని అమ్మకి ఫోన్ చేయండి. "అక్కడ ఆ పొల్యూషన్‌లో ఎలా ఉంటున్నారే అమ్మా!" అనండి. ఆవిడ దగ్గుతూ ఏదో చెప్తుంది. సిగ్నల్ లేదని పెట్టేయండి.

6. ఎండాకాలం మధ్యాహ్నం స్కూల్ లైన్లో ఏసీ వేసి ఇంజన్ ఆన్‌లో ఉంచండి. డాలస్ చుట్టుపక్కల ఓజోన్ ఎలాగూ హద్దు దాటే ఉంది, మీ ఒక్క కారు ఆపితే ఏం ఒరుగుతుంది? పిల్లకి ఆయాసం వస్తే పుప్పొడి అనండి. టెక్సాస్‌లో పుప్పొడి మీద ఎంత నింద వేసినా పడుతుంది.

7. సిటీ కౌన్సిల్ మీటింగులు మంగళవారాల్లో పెడతారు. ఇది దేవుడిచ్చిన వరం. ఆ రోజు కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళాలని చెప్తే కాదనే తెలుగువాడు లేడు. ప్రదక్షిణలు నిదానంగా చేయండి. మీరు తిరిగొచ్చేసరికి ఓటింగ్ అయిపోతుంది.