కొబ్బరాకు గడియార విజయము

పరాక్! బహుపరాక్! కవిటి, కంచిలి, సోంపేటల కొబ్బరితోటలు ఛత్రచామరాలుగా వెలసిన ఉద్దాన మహాసీమలో, ఎడతెగని చీమిడి గల ఒకానొక గుంటడు యంత్రనిర్మాణానికి పూనుకున్నాడు. మయుడికి సుత్తీ సానా ఉండేవి. వీడికి ముందుపళ్లూ, బొటనవేలి గోరూ.

ఆకును పంట కరిచి ఈనెను చర్రున లాగేసరికి దిక్కులు పిక్కటిల్లాయి. కనీసం గట్టు మీది తొండ తలాడించడం మానేసింది. మిగిలిన రెండు పాయల్నీ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, మడత మీద మడత వేశాడు. మూడో మడత జారితే ఉమ్మితో సంప్రోక్షించి బిగించాడు. చదరపు బిళ్ల ఆవిర్భవించింది. తోకలు మణికట్టు చుట్టూ తిప్పి మడతలో దోపితే అదే పటకా. తుమ్మముల్లుతో అంకెలు గీస్తే తొమ్మిదికి చోటు చాల్లేదు, కాలచక్రం నుంచి దాన్ని బహిష్కరించాడు. ఆ ముల్లుతోనే ముళ్లూ గీశాడు. రెండూ పన్నెండు మీద కొలువుదీరాయి.

"ఒరే గుంటడా, టైమెంతైనాదిరా?" అరుగు మీంచి మామ్మ.

"పన్నెండు!"

"ఇందాకా అదే సెప్పినావు కదరా?"

"ఇంకా దాట్నేదు మామ్మా!"

ఇక రథం. మూడేసి కళ్ల తాటికాయలు రెండు, వాటి ముంజెలు అప్పటికే వీడి జఠరాగ్నికి ఆహుతి. నడుమ ఇరుసుగా వెదురుపుల్ల, తోయడానికి పంగలకర్ర. ఇంజను నోట్లో. బ్రేకు మాత్రం ఎదురొచ్చిన పేడకుప్పే.

బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనసకర్రతో చెక్కే బుల్లి వీణలున్నాయి. మీటేవాళ్లు లేకపోయినా వాటికి అద్దాలమేడ దక్కుతుంది, పెద్దల చేతుల్లో సన్మానం దక్కుతుంది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన గడియారానికి ఏదీ లేదు. పొద్దున పచ్చన, సాయంత్రానికి ముడతలు, మర్నాటికి పొయ్యిలోకి. ఒక పూట గడిచిందని అంత నిక్కచ్చిగా చెప్పే వాచీని నేనింకా కొనలేదు.

కావ్యానికి శత్రువుండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలి దగ్గర నా వెక్కిరింత పనిచెయ్యదు. కాపు మీదున్న చెట్లు వేళ్లతో లేచి పడ్డాయి. అంతకుముందు ఒక్క లేతాకు కావాలంటే చెట్టెక్కేవాణ్ణి బతిమాలాలి. ఆ నెల ఉద్దానంలో ఏ గుంటడూ తల పైకెత్తక్కర్లేకపోయింది. ఆకంతా మోకాలెత్తున నేల మీదే ఉంది.