కిట్టు మాహాత్మ్యము

పొగ యెచ్చట నుండునో అచ్చట నిప్పుండునని పూర్వపు తార్కికులు నిర్ణయించి తృప్తిపడిరి. ఆ శాస్త్రమును మన కాలపు తండ్రులు మరియొక మెట్టు పైకి గొనిపోయి, ఇంగ్లీషు విల్లో యెచ్చట నుండునో అచ్చట శతకముండునని సిద్ధాంతీకరించినారు. ధర్మవరము, హిందూపురము, పెనుకొండ పట్టణములలోనే కాక, వానకు మొగము వాచిన కనగానపల్లి ప్రాంతమున సైతము ఏప్రిలు మాసమున పరీక్షలు ముగిసినంతనే ఈ సిద్ధాంతము ప్రబలును. పదేండ్ల బాలుడు రెండు సాయంకాలములు టెంకాయ మట్టతో బంతిని గట్టిగా కొట్టెనా, మూడవ సాయంకాలమునకు తండ్రి బస్సెక్కి పట్టణమునకు పోయి, కొడుకుకంటె పొడవైన సంచిని భుజమున వేసికొని తిరిగి వచ్చును. ఆ దినము మొదలుకొని బాలుడు క్రికెటు క్రీడాకారుడు. అంతకు పూర్వము అతడు చేసినది కేవలము ఆడుకొనుట.

ఆ సంచిలోని ప్రధాన దేవత పుట్టుపూర్వోత్తరములు విచారింతము. ఇంగ్లండులోని ఎసెక్సు, సఫోకు సీమలలో పదునైదు ఇరువది యేండ్లు పెరిగిన విల్లో చెట్టు దుంగలై, చెక్కలై, ఓడ యెక్కి వచ్చి మీరటులోనో జలంధరులోనో బ్యాటై వెలయును. కాశ్మీరులోని సంగమ్ చుట్టుపట్ల పెరుగు విల్లో ఇంతకంటె బరువైనది, చౌకయైనది, రబ్బరు బంతితో వీధిలో ఆడువానికి పుష్కలముగా చాలునది; చాలునది గనుకనే మన తండ్రికి అది పనికిరాదు. అతడు ఇంగ్లీషు చెక్కను చేతబట్టి, దానిపై నిలువుగా సాగిన గీతలను లెక్కించి, ఆరు గీతలున్నచో కొడుకు రంజీ ఆడుననియు, పది యున్నచో టెస్టు ఆడుననియు గణించును. ఆ గీతలు చెట్టు గడపిన సంవత్సరములు. చెట్టు వయస్సును బట్టి బాలుని భవిష్యత్తు చెప్పు విద్య వరాహమిహిరునకు సైతము తట్టలేదు. అట్టి బ్యాటుకు నూనె పట్టించి, కొయ్యసుత్తితో గంటలకొలది మెల్లమెల్లగా కొట్టి గట్టిపరచిన పిదపగాని తోలుబంతిని చూపరాదు. అంత ఓపిక యెవరికి? మొదటి దినముననే చెక్క చీలును. దిష్టి తగిలెనని యింటిలో నిశ్చయింతురు. రెండవ బ్యాటుతోపాటు నిమ్మకాయలు, మిరపకాయలు కూడ కొందురు.

ఇక స్టిక్కరు. ఈ తండ్రియే ధర్మవరమున పట్టుచీర కొనబోయినపుడు చూడవలెను! జరీని గోట గీకి చూచును, అంచును వెలుతురునకు పట్టి చూచును, పోగు లాగి చూచును, బ్రహ్మదేవుడు వచ్చి హామీ యిచ్చినను నమ్మడు. క్రీడాసామగ్రి దుకాణమున కాలు మోపినంతనే ఆ వివేకమంతయు చెప్పులతోపాటు గడపవెలుపల నిలిచిపోవును. 2024 సెప్టెంబరులో అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) మైదానమున దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగినపుడు గొప్ప ఆటగాండ్ర బ్యాట్లపై నున్న స్టిక్కర్లను మనవారు సమీపమునుండి దర్శించుకొనిరి. అట్టి స్టిక్కరే కావలెనని ఇప్పుడు పట్టుబట్టుదురు. పేరుమోసిన ఆటగాండ్రు పలువురు ఒక పనివాడు చెక్కిన బ్యాటుపై మరియొక సంస్థ స్టిక్కరు అంటించుకొని ఆడుదురన్నది జగద్విదితము. స్టిక్కరు తెలుపునది దానిని చేసినదెవరో కాదు, ఆటగానికి సొమ్ము ముట్టజెప్పినదెవరో మాత్రమే. మన విషయమున సొమ్ము ముట్టజెప్పువాడు కూడ తండ్రియే గనుక, న్యాయమునకు బ్యాటుపై అతని యింటిపేరే అంటింపవలసి యుండును.

పరిమాణ మీమాంస ఇంతకంటె రసవత్తరమైనది. పిల్లల బ్యాట్లు సున్న మొదలు ఆరవ సంఖ్య వరకును, పిమ్మట హ్యారో అను పరిమాణమునను లభించును. పైచేతితో మాత్రమే పట్టి ముందుకు చాచినపుడు చేయి వణకకున్న బ్యాటే బాలునికి తగినదని ఆట తెలిసినవారు చెప్పుదురు. మన తండ్రికి ఇట్టి పరీక్షలతో పని లేదు. “ఇంగ రెండేండ్లకైనా వచ్చేట్ల పెద్దదే ఇయ్‌ప్పా” అనును. “తీసుకోన్నా, పిల్లోడు ఎదుగుతాడు” అని దుకాణదారు ఆశీర్వదించును. ఎవరైన ఆక్షేపించినచో, సచిన్ తెండూల్కరు బాల్యమున అన్న అజితు యొక్క పెద్ద బ్యాటుతో ఆడలేదా యని సిద్ధముగా నుంచిన ప్రమాణమును విసరుదురు. ఆడెను, ఆ బరువు మోయుటకై పిడిని అడుగున పట్టుట అలవడి, అదియే అతనికి క్రీడాజీవితమంతయు నిలిచినది. పెద్ద బ్యాటు వలన అతని పట్టు మారినదే గాని, పెద్ద బ్యాటు మోసిన వారందరును తెండూల్కరులు కాలేదు. వారిలో పెక్కుమందికి మణికట్టు నొప్పి మాత్రము సిద్ధించినది.

నవ్వు చాలించి చెప్పవలసిన మాట యొకటి కలదు. బ్యాటు పెద్దదైనచో పోవునది పరుగులు. శిరస్త్రాణము పెద్దదైనచో పోవునది కన్ను. పదుమూడేండ్ల లోపు పిల్లల బంతి 133 మొదలు 144 గ్రాముల బరువు గలది, పెద్దల బంతికంటె చిన్నది. 2014 నవంబరులో ఆస్ట్రేలియాలో ఫిలిప్ హ్యూస్ బంతి దెబ్బకు మరణించినప్పటినుండి లోకమంతట చర్చకు వచ్చిన బ్రిటిషు హెల్మెటు ప్రమాణము, 2013 నాటిది, పెద్దల బంతితోను పిల్లల బంతితోను వేరువేరుగా పరీక్షింపవలెనని విధించినది. ఏలయన పెద్ద బంతిని అడ్డగించు కమ్మీల సందున చిన్న బంతి దూరగలదు. ఎదుగుదలకని పెద్దవాని హెల్మెటు కొన్న తండ్రి, బంతి ప్రవేశించుటకు ద్వారము తెరచి, దానికి సొమ్ము కూడ చెల్లించినాడన్నమాట. ఇక నడుము క్రింద ధరింపవలసిన గార్డు మాట! సంచిలో అన్నిటికంటె చౌకయైనది, అన్నిటికంటె అవసరమైనది, కాని ఫోటోలో కనబడనిది. కనబడదు గనుక కొనరు. అడుగుటకు తండ్రికి సిగ్గు, చెప్పుటకు కొడుకుకు సిగ్గు.

ఈ సంచి యింటికి వచ్చినపుడు అక్కకో చెల్లెలికో దక్కు భాగము, గోడవతల పడిన బంతిని తెచ్చియిచ్చుట. అయినను అనంతపురము జిల్లాయందు జరిగిన వింత చూడుడు. ఉపాధి హామీ పథకమునకు 2006 ఫిబ్రవరిలో అంకురార్పణ జరిగిన గ్రామమని పేరొందిన నార్పల మండలపు బండ్లపల్లినుండి బయలుదేరి, ఆర్డీటీ వారి శిక్షణలో ఎదిగిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశముతో భారత జట్టు పక్షమున ఆడినది. ఆమె యెడమచేతి స్పిన్ బౌలరు. స్పిన్ బౌలరునకు కావలసినది ఒక బంతి, వేళ్లు, సంవత్సరముల అభ్యాసము. ఈ మూటిలో దుకాణమున దొరకునది మొదటిది మాత్రమే యగుటచేత, స్పిన్ బౌలరు కావలెనని కొడుకును దీవించు తండ్రి మనలో అరుదు.

క్రికెటు చాలదేమోయని దిగులుపడువారికి శుభవార్త. 2023 అక్టోబరులో ముంబయిలో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలెసు క్రీడలలో క్రికెట్టుతోపాటు లాక్రాసు అను ఆటను చేర్చినది. ఉత్తరామెరికా ఆదివాసులు కొయ్యను వంచి, తోలుతాళ్లతో వల యల్లి ఆడిన ఆ యాట 1904, 1908 ఒలింపిక్సులలో పతకముల కాడబడి పిదప మరుగుపడినది. ఇప్పుడు లోహపు కాడ, ప్లాస్టిక్కు తల. అమెరికాలో 2022 నుండి ఈ యాట ఆడు బాలురకు ప్రమాణబద్ధమైన ఛాతీ కవచము తప్పనిసరి. హృదయస్పందనలో ఒకానొక క్షణమున తగిలిన గట్టి రబ్బరు బంతి గుండెను నిలిపివేయగలదు. ఈ సమాచారమంతయు విన్న మన తండ్రి మొదట అడుగు ప్రశ్న, కాడ అల్యూమినియముదా టైటానియముదా యని. రక్షకులు పట్టు ఆరడుగుల కాడ పెద్దది గనుక దానినే తెప్పించును. ఒలింపిక్సులో ఆడబోవు ఆరుగురి ఆటలో అంత పొడవు కాడ లేనే లేదని తెలియునప్పటికి అది మిద్దెపై దుస్తు లారవేయు దండెమునకు ఊతగా నిలుచును.

ఇంత కొన్నవాడు కొననివి రెండు: ఆడుటకు చోటు, ఆడుటకు వేళ. బడి మైదానమును కాపాడుమని పంచాయతీలో ఒక్కమాట యడుగుటకు రూపాయి ఖర్చు లేదు గనుక దానియందు గౌరవమును లేదు. తెల్లవారుజామున ట్యూషను, సాయంకాలము మరల ట్యూషను. నడుమ మిగిలిన నలుబది డిగ్రీల యెండలో కిట్టు గదిమూల విశ్రమించును. కావున తండ్రులకు నా విన్నపము: పిల్లవానికి గార్డు, తలకు సరిగా అమరు హెల్మెటు, చేయి వణకని చిన్న బ్యాటు కొనుడు. ఆ పిమ్మటను ఖరీదైన ఇంగ్లీషు విల్లోపై మనసు తీరనిచో, సిగ్గుపడక మీ కొలతకే కొనుక్కొని, ఉదయము అయిదున్నరకు మైదానమునకు పోయి, కొడుకు వేయు బంతిని మీరే యెదుర్కొనుడు. వానికి బౌలింగు అభ్యాసమగును. ఆ బ్యాటులో ఎన్ని శతకములున్నవో మీకును తేలిపోవును.