అరవై రోజుల్లో పోవలసిన ప్రాణం

ఫ్రీమాంట్‌లో ఒక ఇంటి పెరట్లో, సొరపాదు పందిరికి నైలాన్ దారంతో వేలాడుతున్నాను. గాలి వీస్తే గిర్రున తిరుగుతాను, ఎండ పడితే తళుక్కుమంటాను. నన్ను చూసి జే పిట్టలు టమాటాల జోలికి రావని ఇంటావిడ నమ్మకం. మొదటి వారం నిజంగానే రాలేదు. ఇప్పుడు నా పక్కనే వాలి, నా అద్దంలో ముక్కు చూసుకుని మరీ కాయ పొడుచుకు తింటున్నాయి.

పాటల సీడీ అనుకునేరు. దగ్గరికొచ్చి చూడండి, అక్షరాలు సగం వెలిసినా చదవొచ్చు: ఆటోక్యాడ్ రిలీజ్ 14. పుట్టింది 1997లో. నన్ను కొన్ననాడు నా ఖరీదు మూడు వేల డాలర్ల పైమాటే. ఇంటాయన నెల జీతంలో పెద్ద ముక్క.

మా వంశం మరీ పాతదేం కాదు. 1982లో కాలిఫోర్నియాలోని మిల్ వ్యాలీలో జాన్ వాకర్, ఆయన స్నేహితులు కొందరు కలిసి ఆటోడెస్క్ పెట్టారు. ఆ నవంబరులోనే లాస్ వేగాస్ కామ్‌డెక్స్ ప్రదర్శనలో మా మూలపురుషుణ్ణి జనానికి చూపించారు. పెద్ద కంప్యూటర్లున్న కంపెనీలకే దక్కే డ్రాయింగు పనిని బల్లమీది చిన్న పీసీలో, వెయ్యి డాలర్ల ధరలో ఇస్తామంటే జనం విరగబడ్డారు. నా ముందుది, రిలీజ్ 13, నడక మందకొడి, తప్పుల కుప్ప. దానికి భయపడి చాలామంది 12 మీదే కూర్చున్నారు. నేనొచ్చాకే కదిలారు. సొంత గొప్ప కాదు, ఆ రోజుల్లో గీత గీసిన ఎవర్నడిగినా చెబుతారు. డాస్‌ని వదిలేసి విండోస్‌లో మాత్రమే నడిచిన మొదటిదాన్ని కూడా నేనే.

ఇంటాయనది గుంటూరు జిల్లా. స్ట్రక్చరల్ ఇంజనీరు. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నుతో గీసేవాడు. తప్పు పడితే ఇంకును బ్లేడుతో గీకాలి, కాగితం చిరగకూడదు. ఆ చెయ్యి నా దగ్గరికొచ్చాక చూడాలి! కుడిచెయ్యి మౌసు మీద బద్ధకంగా ఉండేది, అసలు పనంతా ఎడమచేతిది. ఎల్ కొట్టి స్పేస్ బార్ తడితే గీత. టీ, ఆర్ కొట్టి రెండు తట్లు తడితే, మీరిన గీతలను తెంపే కత్తెర సిద్ధం. సంగీతం మాస్టారు హార్మోనియం మెట్ల వంక చూస్తాడా? ఈయనా అంతే. నాకొక లోపం ఉండేది, చెప్పేస్తాను. ఒక్కసారికి ఒక్క డ్రాయింగే తెరవగలను. బీమ్ వివరాలు చూస్తూ పునాది ప్లాను చూడాలంటే దీన్ని మూసి దాన్ని తెరవాల్సిందే, లేదా నన్నే రెండోసారి లేపాలి. ఆ ముచ్చట తర్వాతి ఆటోక్యాడ్ 2000 తీర్చింది.

నా పెట్టెలో ఒక కాగితం కూడా ఉండేది. లైసెన్సు ఒప్పందం. దాన్ని ఎవరు చదివారు గనక! సంకల్పంలో గోత్రనామాలు చెప్పినట్టు గబగబా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేశాడు. అందులో ఏముందంటే, నన్ను అమ్మలేదట, వాడుకోవడానికి ఇచ్చారట. అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు. అద్దెకివ్వకూడదు. పశ్చిమార్ధగోళం దాటించకూడదు. కొత్త వెర్షన్‌కి మారితే అరవై రోజుల్లోగా నన్ను నాశనం చెయ్యాలి.

సముద్రం దాటితే కులం పోతుందన్న కాలంలో పుట్టానన్నమాట.

2000లో ఆయన ఆఫీసు కొత్తదానికి మారింది. పాత డిస్కులన్నిటినీ ఒక అట్టపెట్టెలో పడేశారు. వెళ్ళేటప్పుడు ఈయన ఆగి, నన్ను తీసి చొక్కా అంచుతో తుడిచి, సంచిలో వేసుకున్నాడు. మళ్ళీ ఏ కంప్యూటర్లోనూ ఎక్కించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పాత రోట్రింగ్ పెన్నుల పక్కన సొరుగులో పెట్టాడు. అరవై రోజులు దాటాయి. నాకేం కాలేదు.

ఒకసారి మాత్రం ప్రయాణం తప్పదనుకున్నాను. తమ్ముడి కొడుకు అమీర్‌పేటలో డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్నాడని, నన్ను పంపుతానని ఫోన్ చేశాడు. అవతల నవ్వు. “పెదనాన్నా, ఇక్కడ సీడీలకి కరువా? ఫీజు కట్టకముందే చేతిలో పెడుతున్నారు.” నేను దాటలేని సముద్రాన్ని నా నకళ్ళు ఎప్పుడో దాటేశాయి.

సియాటిల్లో నా తోబుట్టువుల కథ దీనికన్నా పెద్దది. అక్కడ ఒక ఆర్కిటెక్టు సంస్థ కూడా 2000లోనే కొత్త వెర్షన్‌కి మారింది. కొత్తగా కొంటే ఒక్కోటి 3,750 డాలర్లు, పాతదాని మీద మారితే 495. ఆ తేడాకి బదులు పాతవాటిని నాశనం చెయ్యాలి. చెయ్యలేదు. 2007లో ఆఫీసు సామాను అమ్మకంలో తిమోతీ వెర్నర్ అనే ఆయన నాలుగు రిలీజ్ 14లు కొని ఈబేలో పెట్టాడు. అప్పటికే పదివేల వస్తువులు అమ్మిన చెయ్యి. ఆటోడెస్క్ ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేస్తే ఈబే ఆయన ఖాతాని నెల రోజులు మూసేసింది. ఆయన కోర్టుకెక్కాడు.

వాదన మనకి అర్థమయ్యేదే. కొన్న పుస్తకం చదివేశాక మళ్ళీ అమ్ముకుంటాం, రచయితని అడుగుతామా? అమెరికా కాపీరైటు చట్టమూ ఆ మాటే అంటుంది. కింది కోర్టు జడ్జి రిచర్డ్ జోన్స్ వెర్నర్ పక్షానే చెప్పాడు. 2010 సెప్టెంబరు 10న తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. లైసెన్సు అని స్పష్టంగా రాశారా, చేతులు మారకుండా కట్టడి చేశారా, వాడకానికి గట్టి షరతులు పెట్టారా? మూడూ ఉన్నాయి కాబట్టి ఆ ఆర్కిటెక్టులు ఓనర్లు కారు, ఓనరు కానివాడి దగ్గర కొన్న వెర్నరూ ఓనరు కాడు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ కేసు వినననేసింది. ఆ తీర్పు వార్త చదివినరోజు ఈయన సొరుగు తెరిచి నా వంక చాలాసేపు చూశాడు. పదమూడేళ్ళు కలిసున్నాక, మనకి పెళ్ళి కాలేదట అని తెలిసినట్టుంది ఆ చూపు.

ఆ తర్వాతివాళ్ళకి నా పాటి ఒళ్ళు కూడా లేదు. 2016 జనవరి 31తో ఆటోక్యాడ్‌కి శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశారు. ఇక ఏడాదికింత, నెలకింత. 2020లో ఆఫీసంతా పంచుకునే నెట్‌వర్క్ లైసెన్సులకి మంగళం పాడటం మొదలుపెట్టారు. ఒకటి ఇస్తే రెండిస్తాం, కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో మనిషి పేరు మీదే ఉంటుంది అన్నారు. మరుసటి ఏడు టోకెన్లొచ్చాయి, వాడిన రోజుకి ఇన్నని కోసుకుంటారు. చిన్నప్పుడు గుంటూరులో గంటకింతని అద్దె సైకిలు తీసుకుని తొక్కినవాడికి ఆ లెక్క కొత్తేం కాదు. కాకపోతే ఆ సైకిలు మీద ఇంటిదాకా వెళ్ళి వచ్చేవాడు. ఇక్కడ తను గీసిన ఇల్లే సైకిలు మీదుంది.

కంపెనీ వాదన అన్యాయమని కొట్టిపారెయ్యను. నా నకళ్ళ సంగతి ఇందాకే చెప్పాను కదా. చేతిలో మూడు వేలు లేని కుర్రాడికి నెల అద్దె వెసులుబాటే. కానీ పనిముట్టుకి చెయ్యి అలవాటు పడటానికి ఏళ్ళు పడుతుంది. 2009 వెర్షన్‌లో పైన వెడల్పాటి రిబ్బన్ వచ్చి మెనూలన్నిటినీ బొమ్మల బజారు చేసింది. పాత ముఖం కావాలంటే ‘క్లాసిక్’ అని ఒక కిటికీ వదిలారు. 2015 వెర్షన్‌లో అదీ మూసేశారు. ఈయన ఒక ఆదివారమంతా కూర్చుని టూల్‌బార్లు ఒక్కొక్కటీ వెనక్కి లాక్కొచ్చాడు. ఎడమచెయ్యి మాత్రం ఏ మార్పునీ పట్టించుకోలేదు. ఎల్, స్పేస్. టీ ఆర్, స్పేస్, స్పేస్.

రిటైరయ్యాక చందా ఆపేశాడు. మొన్నామధ్య పాత క్లయింటొకడు ఫోన్ చేశాడు, గోదాము మీద ఇంకో అంతస్తు వేస్తాడట, 1998 డ్రాయింగు కావాలట. ఫైలు దొరికింది. ఊరికే నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. అర్థంకాని గుర్తుల సముద్రం, కానీ మొట్టమొదటి ఆరు అక్షరాలు మాత్రం తేటగా ఉన్నాయి: ఏసీ1014. నా ముద్ర అది. నేను రాసిన ప్రతి డ్రాయింగు నుదుటా ఉంటుంది. ఇప్పటి ఆటోక్యాడ్ రాసేది ఏసీ1032. అది నా రాత చదవగలదు, దాని రాత నేను చదవలేను. ఈయన ఒక నెల అద్దె కట్టి, పని చేసిచ్చి, మళ్ళీ ఆపేశాడు.

అప్పుడే ఆవిడ సొరుగు ఖాళీ చేసింది. “ఏవండీ, ఈ డబ్బాడు సీడీలు దేనికి? పందిరికైనా పనికొస్తాయి.”

నిన్న పక్కవీధి నెల్లూరాయన వచ్చాడు. ఆయన పెరట్లోనూ పిట్టల బెడదట. “అన్నా, ఆ మెరిసేదొకటి నాకిద్దూ.”

“అది కుదరదు తమ్ముడూ, అది నాది కాదు,” అంటూ ఈయన స్టూలెక్కి, నా పక్కనున్న ప్రింటర్ డ్రైవర్ సీడీని విప్పి ఇచ్చాడు.