ఇంకా 725 రోజులు

ఇతరుల సెలవు చీటీలు తిప్పి పంపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ‘ఏ రూలు కింద?’ అని ఒక్క ముక్క రాసి ఎంతమందిని ఏడిపించానో! అలాంటివాణ్ణి చైల్డ్ కేర్ లీవు కోసం నేనే దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. ఢిల్లీ నవంబరు చలిలో చెమటలు పట్టాయి.

పొగ కమ్మేసి చిన్న తరగతులకు బళ్ళు మూశారు. పాఠాలు ఫోన్లో. మా అమ్మాయిది మూడో తరగతి. మామూలుగా బడి అయ్యాక దాన్ని కింది క్వార్టర్లో పంజాబీ ఆంటీ చూసుకుంటుంది. ఆవిడేమో పెళ్ళికని రెండు రోజులు లూధియానా ప్రయాణం పెట్టుకుంది. ఆర్కే పురంలో మిగిలింది నేనొక్కణ్ణే.

మా గుమాస్తా కాగితం చూసి, “సార్, ఇది మేడమ్‌లు పెట్టుకునే లీవు” అన్నాడు. రూలు తీసి చూపించాను. ఆడ ఉద్యోగులకే ఉన్న ఈ సెలవును 2018 డిసెంబరులో కేంద్రం ఒంటరి మగవాళ్ళకూ ఇచ్చింది. పెళ్ళికానివాళ్ళు, భార్య పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు అందులోకి వస్తారు. (వీటిలో నాది ఏదన్నది ఫైల్లో ఉంది, ఇక్కడ అనవసరం.) సర్వీసు మొత్తానికి 730 రోజులు. మొదటి 365కి పూర్తి జీతం, తర్వాతి 365కి 80 శాతం. అంతా చదివి కుర్రాడు నావంక జాలిగా చూశాడు. “నిజమే సార్. కానీ మామూలుగా ఐదు రోజులకు తక్కువ ఇవ్వరు. మీరు రెండే రాశారు. ఏ రూలు కింద?”

ఐదే రాసిచ్చాను.

ఇక జడల సంగతి. కెమెరా ముందు కూర్చున్నా రెండు జడలు ఉండాల్సిందేనట. రోజూ ఆంటీయే వేస్తుంది కాబట్టి ఆ విద్యలో నేను కళ్ళతో చూడటం దాకే వచ్చాను. మూడు పాయలు, ఒకదాని మీద ఒకటి, అంతేగా అనుకున్నా. కుడి జడ చెవి వెనక మొదలైంది, ఎడమది నడినెత్తిన. రిబ్బను కట్టేసరికి నా వేలు కూడా ముడిలో ఉంది. అమ్మాయి అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు. ఫోనును కాస్త పక్కకు జరిపి, కుడి జడ ఒక్కటే టీచరుకు కనబడేలా కూర్చుంది. ఐదు రోజులూ అలాగే, ఒంటి వైపు నుంచే చదువుకుంది.

రాత్రి తెనాలి నుంచి మా అమ్మ ఫోను. “పిల్ల తిందా? ఏం పెట్టావు?” పప్పుచారు, దొండకాయ వేపుడు, పెరుగు అని ధాటిగా చెబుతున్నాను. వెనకనుంచి “నానమ్మా, మ్యాగీ!” అని కేక. అమ్మ ఇంకేమీ అనకుండా ఫోను పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

నాలుగో రోజు గరిటె కింద పడేసి అమ్మాయిని భోజనానికి ఆంధ్రభవన్‌కు తీసుకెళ్ళాను. అశోకా రోడ్డులో ఆ క్యూ తెలిసిందే. లోపల కూర్చోగానే కంచంలో అన్నం, పప్పు, పచ్చళ్ళు చకచకా వచ్చిపడ్డాయి. అమ్మాయి ఒక ముద్ద తిని ఆగింది.

“నాన్నా, ఇదేంటి?”

“పప్పే కదరా.”

మళ్ళీ ఒక ముద్ద నమిలి, ఆలోచించింది. “మరి ఇంట్లో మనం తినేదేంటి?”

పక్క కుర్చీ పెద్దాయన నవ్వాపుకోలేక మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. నేను ఇంకాస్త నెయ్యి వేయమని అడిగి మాట మార్చాను.

ఐదో రోజు సాయంత్రానికి ఇల్లు చూడాలి. సింకులో గిన్నెల గుట్ట. యూనిఫాం తెల్లచొక్కా నా కొత్త నీలం తువ్వాలుతో కలిసి వాషింగ్ మెషీన్లో పడి, లేత నీలంగా బయటికొచ్చింది. అయినా నాకెందుకో గర్వంగానే ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని, “చూశావా, నీకోసం ప్రభుత్వం నాకెన్ని రోజులిచ్చిందో! మొత్తం 730” అన్నాను.

రఫ్ పుస్తకం తెచ్చుకుంది. పైన 730 వేసి, కింద 5 వేసి, పక్కనుంచి అప్పు తెచ్చుకుని తీసివేసింది.

“ఇంకా 725 ఉన్నాయి.”

“అవును!”

పెన్సిలు కొరుక్కుంటూ ఆ అంకెను చాలాసేపు చూసింది.

“నాన్నా, ఆంటీ లూధియానా నుంచి వచ్చేసిందిగా?”